గెలిచేవాడి దగ్గరే ఆగిపోయే మిషను

1987 వేసవి. ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల వెనకాల, లారీ తిరగడానికి కూడా చోటు చాలని ఒక సందులో బాషా వీడియో గేమ్ పార్లరు పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పార్లరంటే పెద్ద హాలేమీ కాదు. రేకుల కప్పు వేసిన ఒక గది, గదిలో ఒక మూల నిలబెట్టిన ఒకే ఒక మిషను. నేనప్పట్లో ఎమ్మిగనూరులో రేడియోలు, టీవీలు రిపేరు చేసే షాపు నడిపేవాణ్ణి. మగ్గం పని చేసే ఇంట్లో పుట్టి, కర్నూలులో ఐటీఐ చదివి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్ళలో ‘రేడియో ఈరన్న’ అంటే నేనే.

ఈ కాలం పిల్లలకు ఆ మిషను ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. బీరువాంత చెక్కపెట్టె. ముందువైపు టీవీ తెర. దాని కింద జాయ్ స్టిక్, అంటే ఆడేవాడు పట్టుకుని అటూ ఇటూ తిప్పే చిన్న కర్ర; పక్కన రెండు బటన్లు. బిళ్ళ వేస్తే ఆట మొదలవుతుంది. పెట్టె లోపల అడుగున పవర్ సప్లై ఉంటుంది. అది గోడ నుంచి వచ్చే కరెంటును బోర్డుకు సరిపడేంత చిన్నదిగా మార్చి ఇస్తుంది. దాని పైన నిలువుగా బిగించిన బోర్డు. ఆ బోర్డు మీద పదుల కొద్దీ చిప్పులు, వాటి మధ్యలో ప్రాసెసర్. ఆటలో ఏ బొమ్మ ఎప్పుడు ఎటు పోవాలో క్షణక్షణం లెక్కవేసేది అదే. ఇప్పుడు గేములాడే కంప్యూటర్లలో ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో తెర మీదే అంకె కనిపిస్తుంది. మాకప్పుడు అలాంటి వసతి లేదు. వేలు పెట్టి చూడడమే.

ఒకరోజు బాషా ఎర్రబస్సు దిగి మా షాపుకు వచ్చాడు. చంకలో బొంతగుడ్డ మూట. మూట విప్పితే లోపల ఆ బోర్డు. చంటిబిడ్డను చుట్టినట్టు చుట్టి తెచ్చాడు.

“ఈరన్నా, ఈ మిషనుకు మనిషి బుద్ధి ఉన్నెట్లుంది. చేతగానోడు ఆడితే దినమంతా ఆడిస్తాది. బాగా ఆడేటోడు వచ్చినాడంటే నడిమధ్యన ఆగిపోతాది” అన్నాడు.

“ఆగిపోవడమంటే? కరెంటు పోయినట్టా?”

“కాదన్నా. తెర మీద బొమ్మ యాడున్నది ఆడనే బిగుసుకుంటాది. కర్ర తిప్పినా కదల్దు. ఒక్కోసారి తెరంతా సుక్కలు సుక్కలు, అడ్డదిడ్డం గీతలు. స్విచ్చి ఆపి కొంచేపు ఇడిసిపెట్టి మళ్ళా ఏస్తే, ఏం ఎరగనట్టు మొదలైతాది.”

మా భాషలో దీన్ని హ్యాంగ్ అంటారు. ప్రాసెసర్ ఒక్క లెక్క తప్పినా చాలు, తర్వాత ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే నిలబడిపోతుంది. అయితే ఆడేవాడు మొనగాడా, మొదటిసారి వచ్చినవాడా అన్నది దానికెలా తెలుస్తుంది? ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది గానీ బాషా ముఖం చూసి నవ్వలేదు. నిద్రలేని కళ్ళు. వాళ్ళది తరాలుగా దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టే కుటుంబం. మిల్లు పరుపులు వచ్చి ఆ పని తగ్గిపోతే, బొంబాయిలో ఎవరో వాడి అమ్మేసిన ఈ మిషను తెచ్చుకున్నాడు. ఇల్లు దాని మీదే నడుస్తోంది.

బోర్డును నా టేబుల్ మీద పెట్టి, నా దగ్గరున్న పవర్ సప్లైతో నడిపించాను. ఒక పాత టీవీని తెరగా తగిలించాను. పొద్దుటి నుంచి షాపు మూసేదాకా నడుస్తూనే ఉంది. మరుసటి రోజూ అంతే. చుక్క లేదు, గీత లేదు. బాషా కనుక్కోవడానికి మళ్ళీ వచ్చాడు.

“నా దగ్గర దీనికి ఏ జబ్బూ లేదు బాషా. జబ్బు మీ ఊళ్ళోనే ఉన్నట్టుంది. నేనే వచ్చి చూస్తా” అన్నాను.

ఆ వారమే బోర్డు పట్టుకుని ఆదోనికి పోయాను. పత్తి సీజను చివరి రోజులు. మిల్లులు ఇంకా ఆడుతున్నాయి. ఆ సందులో గాలికి కూడా బరువున్నట్టు ఉండేది. దూది నూగు ఎగిరి కరెంటు తీగల మీద, కిటికీ ఊచల మీద, మనిషి కనురెప్పల మీద వాలేది. మిషను వెనక తలుపు విప్పితే లోపల ముసలాయన గడ్డంలా దూది వేలాడుతోంది. పవర్ సప్లై మీద ఉన్న హీట్ సింక్, అంటే వేడిని గాల్లోకి వదిలే అల్యూమినియం రెక్కలు, ఆ దూది కింద కనిపించనే లేదు.

అంతా బ్రష్షుతో దులిపాను. మీటరు పెట్టి వోల్టేజీ చూశాను. స్టెబిలైజర్ సరిగానే పనిచేస్తోంది. బోర్డు బిగించి నడిపిస్తే బాగా నడిచింది. ఇద్దరు ముగ్గురు వచ్చి ఆడిపోయారు. నేను ఉన్నంతసేపూ ఆగలేదు.

“వేడి వల్ల అయ్యుంటుంది బాషా. దూది పట్టనీయకు. మిషనుకు గాలి తగలనీ” అని చెప్పి బస్సెక్కాను.

పది పదిహేను రోజులు గడిచాయేమో. ఆదోని బస్సు కండక్టరు మా షాపు ముందు ఆగి, “బాషా నిన్ను రమ్మన్నాడన్నా. పార్లరు మూతపడింది. పెద్ద గలాటా అయింది” అని చెప్పిపోయాడు.

నేను పోయేసరికి గది తలుపు ఓరగా వేసి ఉంది. బాషా లోపల చాప మీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా అతని భార్య హుసేన్ బీ చెప్పింది.

మార్కెట్ యార్డులో పత్తి బోరాలు మోసే హమాలీల్లో లక్ష్మన్న అని ఒకడున్నాడు. ఆస్పరి పక్క పల్లె. ఇరవై ఐదేళ్ళ వయసు. వానలు లేక చేను బీడు పెట్టి ఆదోనికి పనికొచ్చినవాడు. మధ్యాహ్నం పని తెరిపి దొరికితే తిన్నగా పార్లరుకు వస్తాడు. ఆకాశంలో ఓడను తిప్పుకుంటూ, మీదికొచ్చే రాళ్ళను కాల్చే ఆట అది. చూస్తూ చూస్తూ అతనంత బాగా ఆడేవాడు ఊళ్ళోనే లేడన్న పేరు తెచ్చుకున్నాడు. ఆ రోజు అతను అన్నిటికంటే పెద్ద స్కోరుకు దగ్గరగా వచ్చాడు. యార్డులోని సగంమంది ఆ గదిలో ఉన్నారు. ఇంకొంచెం ఉందనగా తెర బిగుసుకుపోయింది.

“యాడినుంచో ఒకడు అరిసినాడన్నా, ‘బాషా స్విచ్చి నొక్కినాడు’ అని” అంది హుసేన్ బీ. “మా ఆయన ‘నేను ముట్టలేదు’ అని, బిళ్ళ వాపసు ఇస్తాననె. లక్ష్మన్న దాన్ని తీసి గోడకేసి కొట్టె. ‘బిళ్ళ ఎవనిక్కావాలి, గెలిచేటప్పుడే ఎందుకు ఆగుతాది సెప్పు’ అని అడిగె. ఏమని సెప్తాం? నిజంగా అప్పుడే ఆగుతాది గదా. వాళ్ళ మేస్త్రి నాగప్ప వచ్చి ఆపకపోతే మిషను పగలగొట్టేటోళ్ళు. ‘నిజం తేలేదాకా తలుపు తీయొద్దు’ అని సెప్పి పోయినాడు.”

బాషా అప్పుడు నోరు విప్పాడు. “మా నాయన ఏకిన దూది ఎంతుందని ఎవరూ తూకం అడగలేదన్నా. పెండ్లి పరుపు కుట్టాలంటే దూది మూట ఇచ్చి పోతాండ్రి, మళ్ళా వచ్చి పరుపు తీసుకుంటాండ్రి. అట్లాంటోని కొడుకును, నన్ను ఈ బజార్లో దొంగ అన్నారు. ఈ మిషను నాకొద్దు. యాడన్నా అమ్మిపెట్టు.”

నాకు అతని బాధ అర్థమైంది. ఇప్పుడు అమ్మేస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే. ఆ సందులోనే బతకాల్సినవాడు, పిల్లల్ని ఆ వీధిలోనే పెంచుకోవాల్సినవాడు.

“అమ్మేది తర్వాత. ముందు నేను లక్ష్మన్నతో మాట్లాడాలి” అన్నాను.

యార్డుకు పోతే హమాలీలు గోడ నీడన కూర్చుని సద్దులు విప్పుకుంటున్నారు. నాగప్ప మేస్త్రి పెద్దమనిషి. తెల్లటి మీసాలు, తలకు రుమాలు. నన్ను కూర్చోమని పక్కన చోటిచ్చి, లక్ష్మన్నను కేకేశాడు. లక్ష్మన్న రొట్టె చేతిలో పట్టుకునే వచ్చాడు. పొడగరి, సన్నటివాడు. కూర్చోలేదు.

“నీకు బాషా మీద కోపం ఎందుకో తెలుసు. జరిగింది జరిగినట్టు చెప్పు చాలు” అన్నాను.

“సెప్పేదేముందన్నా. నేను బాగా ఆడినప్పుడే ఆగిపోతాది. ఒకసారి కాదు, మూడు నాలుగు తూర్లు అయింది. ఒక తూరి అయితే మిషను జబ్బు అనుకోవచ్చు. ప్రతితూరీ గెలుపు కాడికి వచ్చినంక ఆగిందంటే అది మనిషి పని కాదా?”

ఆ ప్రశ్నలో తప్పేమీ కనిపించలేదు నాకు. అతని జాగాలో నేనున్నా అదే అడుగుదును.

“పెద్ద స్కోరు వస్తే ఏముంటుంది? ఏమైనా బహుమానమా?” అని అడిగాను.

లక్ష్మన్న రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నాగప్పే నవ్వి చెప్పాడు. “పేరు రాసుకోనిస్తాదంటప్పా. ఇంగ్లీషులో మూడు అచ్చరాలు. వీనికి తెలుగే సరిగా రాదు. బాషాతోనే ఆ మూడు అచ్చరాలు నేర్చుకున్నాడు. దినామూ మట్టిలో గీసి చూసుకుంటాడు.”

“నేర్పించినోడే ఆపేసినాడు” అన్నాడు లక్ష్మన్న. ఆ మాటలో కోపం కంటే ఎక్కువగా వినబడింది ఇంకేదో. బాషా మీద అతనికి నమ్మకం ఉండేదని, అది విరిగిందని నాకు అప్పుడు తెలిసింది.

“ఆదివారం యార్డుకు సెలవు కదా. వచ్చి మళ్ళీ ఆడు. బాషాను మేస్త్రి పక్కన, బయట సందులో నిలబెడదాం. స్విచ్చి దగ్గర మీవాళ్ళనే నిలబెట్టండి. ఆగితే ఎందుకాగిందో అందరి ముందరే నేను చూపిస్తా. చూపించలేకపోతే తర్వాత మీ ఇష్టం” అన్నాను.

చూపించగలనన్న ధైర్యం నిజానికి నాకేమీ లేదు. వేడి అని అనుమానం ఉంది. అంతే. కానీ వేడి అయితే పొద్దంతా ఆడే మామూలువాళ్ళ దగ్గర ఎందుకు ఆగదు?

ఆదివారం నేను తొందరగానే పోయాను. మిషను వెనక ఒక కొత్త ఏర్పాటు కనిపించింది. ‘గాలి తగలనీ’ అని నేనన్న మాట పట్టుకుని బాషా ఒక స్టూలు మీద టేబుల్ ఫ్యాను పెట్టి, పెట్టె వెనక పైభాగంలో ఉన్న జాలీ రంధ్రాలకు ఎదురుగా తిప్పాడు. ఫ్యాను హోరుమని లోపలికి ఊదుతోంది. అది మంచిదా చెడ్డదా అని అప్పుడే తేల్చలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంచి చూడాలనుకున్నాను.

మిల్లు పనివాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆడారు. ఆగలేదు. ఎండెక్కాక హమాలీలు వచ్చారు. నాగప్ప బాషా భుజం మీద చెయ్యేసి బయట సందులో నిలబడ్డాడు. హమాలీల్లో ఒకడు స్విచ్చి బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డాడు. లక్ష్మన్న తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకుని, బిళ్ళ వేశాడు.

ఆ ఆట నేను మరిచిపోలేదు. బోరాలు మోసి కాయలు కాసిన వేళ్ళు జాయ్ స్టిక్ మీద ఎంత మెత్తగా ఆడాయో. ఓడ రాళ్ళ మధ్యలోంచి చేపలా తప్పించుకుని పోతోంది. గదిలోకి జనం వస్తూనే ఉన్నారు. ముందు తెర కనబడే చోటు నిండిపోయాక పక్కలకు చేరారు. పక్కలు నిండాక వెనక్కి. ఎవరో ఫ్యానును తీసి కింద పెట్టి, ఆ స్టూలు మీదికెక్కి నిలబడ్డారు. నన్ను కూడా తోసుకుంటూ తోసుకుంటూ మూలకు, మిషనుకూ గోడకూ మధ్యలోకి నెట్టేశారు. ఎవరో నా గుండె మీద మోచేయి ఆనించారు. నా వీపు పెట్టె వెనక జాలీకి అతుక్కుపోయింది.

మొదట వీపుకు గోరువెచ్చగా తగిలింది. కొంచెంసేపటికి చొక్కాలోంచి కాలడం మొదలైంది. పొయ్యిమీది గిన్నె మూతకు వీపు ఆనించినట్టు. అప్పుడు వెలిగింది నాకు. లోపలి వేడి బయటికి పోయే దారి అదొక్కటే. ఆ దారికి అడ్డంగా ఇప్పుడు నేనున్నాను.

“జరగండి! నన్ను బయటికి రానీండి!” అని అరుస్తూనే ఉన్నాను. ముందువైపు నుంచి ఒక్కసారిగా ‘అయ్యో’ అని గొంతులు లేచాయి. తెర బిగుసుకుపోయింది.

“సూడు! మళ్ళా!” లక్ష్మన్న రెండు చేతులతో పెట్టె మీద చరిచాడు.

బయట నుంచి నాగప్ప గట్టిగా అన్నాడు. “ఒరే, బాషా నా పక్కనే ఉండాడు. రెండు చేతులూ నా కళ్ళ ముందరే ఉండాయి. స్విచ్చి కాడ ఎవరన్నా ముట్టినారా?”

“లేదు మేస్త్రీ” అన్నాడు స్విచ్చి దగ్గరివాడు.

జనం పక్కకు జరిగితే నేను మూలలోంచి బయటపడి, కరెంటు ఆపి, వెనక తలుపు తీశాను. తెర వెనకుండే పిక్చర్ ట్యూబులో, స్విచ్చి ఆపినా షాకు కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది, అందుకని ఎవర్నీ చెయ్యి లోపలికి పెట్టనీయలేదు. లక్ష్మన్నను మాత్రం పిలిచి, తలుపు దగ్గర అరచెయ్యి చాపమన్నాను. లోపలి సెగ తగిలి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆట మళ్ళీ మొదలుపెట్టడానికి స్విచ్చి వేయించాను. తెర మీద ఊరికే చుక్కలు. స్విచ్చి ఆపించి, హుసేన్ బీని కొంచెం దూది అడిగి, నా సీసాలోని స్పిరిట్‌లో ముంచి, ప్రాసెసర్ మీద అద్దాను. స్పిరిట్ ఆరిపోతూ కింద ఉన్నదాన్ని చల్లబరుస్తుంది. జ్వరమొచ్చినవాడికి తడిగుడ్డ వేసినట్టు. కొంచెం ఆగి మళ్ళీ స్విచ్చి వేయిస్తే ఆట మొదలైంది.

“దీనికి తలకాయ ఇది. తలకాయ వేడెక్కితే లెక్క తప్పుతుంది” అని చెప్పాను. “లోపల పవర్ సప్లై, పిక్చర్ ట్యూబు, బోర్డు, మూడూ వేడి పుట్టిస్తాయి. ఆ వేడి వెనక జాలీలోంచి పోవాలి. చేతగానివాడు ఆడితే చూసేవాడు ఉండడు. లక్ష్మన్న ఆడితే ఊరంతా వచ్చి వెనక జాలీకి వీపు ఆనిస్తుంది.”

లక్ష్మన్న నా ముఖంలోకి, మిషనులోకి, చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూశాడు. “అంటే నేను బాగా ఆడితే జనం వస్తారు. జనం వస్తే గాలి ఆగుతాది. గాలి ఆగితే మిషను ఆగుతాది.”

“అంతే.”

“అంటే ఆపింది మనమేరా!” అన్నాడు నాగప్ప. ఎవరో నవ్వారు. ఆ నవ్వు గదంతా పాకింది. బాషా ఒక్కడే నవ్వలేదు. గడప మీద కూర్చుని భుజం మీది గుడ్డతో ముఖం కప్పుకున్నాడు. హుసేన్ బీ లోపలికి పోయి నీళ్ళ చెంబు తెచ్చి అతని పక్కన పెట్టింది.

కారణం తెలిస్తే సగం పనే అయినట్టు. జనాన్ని రావద్దంటే పార్లరు నడవదు. అంతమంది ఉన్నా మిషను ఊపిరి తీసుకునేలా చెయ్యాలి. నేను ఒక ఊదుబత్తి వెలిగించి వెనక జాలీ దగ్గర పట్టుకున్నాను. టేబుల్ ఫ్యాను తిప్పితే పొగ పెట్టె లోపలికి పోయి, దారి లేక అక్కడే సుడి తిరిగింది. వేడి గాలి తనంతట తాను పైకి పోవాలని చూస్తుంటే, ఫ్యాను దాన్ని మళ్ళీ కిందికి, ప్రాసెసర్ మీదికే తోస్తోంది. పైగా సందులోని దూదినంతా లోపలికి ఊదుతోంది. ఫ్యాను ఆపితే పొగ నెమ్మదిగా బయటికి తిరిగింది. ఆ ఊదుబత్తి చూశాక ఎవరికీ నేను వేరే వివరించాల్సిన పని లేకపోయింది.

ఆ వారంలో మూడు పనులు చేశాం. వడ్రంగిని పిలిచి పెట్టె ముందువైపు, ఆడేవాడి కాళ్ళ దగ్గర, ఒక వెడల్పాటి కిటికీ కోయించాం. చల్లగాలి కింద నుంచి లోపలికి రావాలి, వేడిగాలి పై నుంచి బయటికి పోవాలి. మా పనిలో దీన్ని ఎయిర్ ఫ్లో అంటారు, గాలి నడిచే దారి. మూతపడిన డేరా టాకీసు ప్రొజెక్టరులోని చిన్న ఫ్యాను ఒకటి నా దగ్గర ఉంటే, దాన్ని పెట్టె నెత్తిన, గాలిని బయటికి లాగేటట్టు బిగించాను. పాత యాంప్లిఫయర్ నుంచి తీసిన అల్యూమినియం రెక్కలు కోసి ప్రాసెసర్ మీద అంటించాను. ఆ తర్వాత మిషనును మూలలోంచి ముందుకు జరిపి, దాని వెనక నడుమెత్తు కట్టెల కంచె కట్టించాం.

ఇంకొకటి మిగిలింది. కింద కిటికీ తెరిస్తే దూది లోపలికి వస్తుంది. సన్నటి ఇనుప జాలీ ఎక్కడ దొరుకుతుందా అని నేను ఆలోచిస్తుంటే హుసేన్ బీ పక్కకు వచ్చి నిలబడింది.

“దూది ఏకేటప్పుడు మేము ముక్కుకు గుడ్డ కట్టుకుంటాం గదన్నా. దీనికి ముక్కు యాడుందో సూపించు. కడతాను.”

పలచటి మల్లుగుడ్డను దిండు గలీబులా కుట్టి, చుట్టూ నాడా పెట్టి, కిటికీకి బిగించేసింది. రోజూ పొద్దున విప్పి దులిపి మళ్ళీ కట్టేది. ఒక్క రోజుకే ఆ గుడ్డ బయటివైపు తెల్లటి పొర పేరుకునేది. తలుపు విప్పి చూస్తే లోపల బోర్డు కొత్తదిలా ఉండేది.

తర్వాతి ఆదివారం మళ్ళీ అందరూ వచ్చారు. లక్ష్మన్న గడప దగ్గర నిలబడి బాషాతో ఏదో అనాలనుకుని, అనలేక లోపలికి పోయాడు. నాగప్ప మేస్త్రి ఎవరూ చెప్పకుండానే కంచె పక్కన స్థలం చూసుకుని, రుమాలు చేతికి చుట్టుకుని కాపలా నిలబడ్డాడు. ఎవడన్నా వెనక్కి జరిగితే చాలు, రుమాలు విసిరేవాడు. “గాలి రానీండప్పా! గాలి రానీండి!”

బిళ్ళ పడింది. ఆట మొదలైంది. గది నిండిపోయింది, సందులో కూడా జనం నిలబడ్డారు. నేను పెట్టె నెత్తిన చెయ్యి పెట్టి ఉన్నాను. చిన్న ఫ్యాను వేడిగాలిని సర్రున నా వేళ్ళ మీదికి వదులుతోంది. అది ఆగనంతవరకు నా గుండె కూడా ఆగదనిపించింది. బాషా నా ఎదురుగా, గోడ పక్కన, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెర వైపు చూడడంలేదు. నా చెయ్యినే చూస్తున్నాడు.

లక్ష్మన్న క్రితంసారి ఆగిన చోటు దాటాడు. ఇంకొన్ని రాళ్ళు దాటాడు. అన్నిటికంటే పెద్ద స్కోరు కూడా దాటాడు. అప్పుడు ఆగని అరుపులు. ఆ అరుపుల్లో ఒక రాయి పక్క నుంచి వచ్చింది, అతను చూసుకోలేదు. ఓడ పేలిపోయింది. ఆట అయిపోయింది.

లక్ష్మన్న జాయ్ స్టిక్ వదిలేసి, వెనక్కి తిరిగి బాషాను వెతుక్కున్నాడు. చెమట కారుతున్న ఆ ముఖంలో అంత సంతోషం ఎక్కడినుంచి వచ్చిందో.

“బాషన్నా, ఈతూరి నేనే ఓడిపోయినా! సూస్తివా? నేనే సూసుకోలే!”

“సూస్తి లేప్పా” అన్నాడు బాషా. “పో, పేరు రాసుకోపో. మిషను అడుగుతాండాది.”

లక్ష్మన్న తన మూడు అక్షరాలు ఒక్కొక్కటే తిప్పి పెట్టాడు. ఆ తర్వాత బాషా రెండు చేతులూ పట్టుకుని, అందరికీ వినపడేటట్టు, “దొంగ అన్నాను. తప్పయింది. మనసులో పెట్టుకోవద్దు” అన్నాడు. లక్ష్మన్న భుజం మీద దూది నూగు ఉంటే బాషా తీసేశాడు.

ఆ శ్రావణంలో ఉరుకుంద తిరునాళ్ళకు బాషా ఆ మిషనును తీసుకుపోయి డేరాలో పెట్టాడని, డేరా వెనకవైపు గుడ్డ పైకెత్తి కట్టి, కాపలాకు లక్ష్మన్న నిలబడ్డాడని తర్వాత విన్నాను. నేను పోలేకపోయాను.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా టీవీలు, స్టెబిలైజర్లు, కంప్యూటర్లు, నా చేతుల మీదుగా చాలా పోయాయి. ఎవరన్నా ‘బాగానే ఉంటుంది, ఒక్కోసారి ఊరికే ఆగిపోతుంది’ అని తెస్తే, నేను స్క్రూడ్రైవర్ తీసేముందే అడగడం మొదలుపెట్టాను. ఎక్కడ పెట్టారు? ఎప్పుడు ఆగుతుంది? అప్పుడు దాని చుట్టూ ఎవరుంటారు? మిషను ఒంటరిగా చెడిపోదు. అది నిలబడిన గది, దాని వెనకున్న గోడ, చుట్టూ చేరిన మనుషులు, అన్నీ దాని జబ్బులో భాగమే. నా టేబుల్ మీద రెండు రోజులు చక్కగా నడిచిన ఆ బోర్డు నాకు నేర్పింది ఇదే.

కానీ పనికి సంబంధించినది కాని మరో సంగతి నన్ను ఎక్కువగా పట్టుకుంది. ‘గెలిచేటప్పుడే ఆగుతుంది’ అన్న లక్ష్మన్న మాట నిజం. ‘నేను ముట్టలేదు’ అన్న బాషా మాటా నిజం. ఇద్దరు నిజాయితీపరులు, ఇద్దరూ కళ్ళతో చూసిందే చెప్పారు, అయినా ఒకరి గొంతు ఒకరు పట్టుకునేదాకా వచ్చారు. అప్పటినుంచీ ఇద్దరు మంచివాళ్ళు తగాదాపడుతుంటే ఎవరు అబద్ధమాడుతున్నారని నేను వెతకను. ఇద్దరికీ కనబడకుండా వాళ్ళ వెనక గాలి ఆడనీయనిదేదో ఉండే ఉంటుందని, ముందు అక్కడ చెయ్యి పెట్టి చూస్తాను.